నాలుగు రాత్రుల్లో హంపి, బాదామి, విజయపుర: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లడం ఎలా

హంపి వెళ్లొచ్చినవాళ్లను కదిపి చూడండి. కొందరు గంటసేపు ఆపకుండా చెబుతారు. ఇంకొందరు "ఎండ, రాళ్లు, నడక, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇద్దరూ చూసింది ఒకే ఊరు. మొదటివాళ్లు టికెట్ కౌంటర్ తెరిచే వేళకు విట్ఠలాలయం దగ్గర ఉండి ఉంటారు, రెండోవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరి ఉంటారు. పిల్లలతో, అమ్మమ్మ తాతయ్యలతో పాత రాజధానులు చూడబోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: చూడాల్సిన వాటి లిస్టు పక్కన పెట్టి పూటల లెక్కన ప్లాన్ చేసుకోండి. రోజు మొత్తంలో అందరికీ ఓపిక ఉండే పూటలు రెండే, పొద్దున, సాయంత్రం. పూటకు ఒక్క చోటు చాలు. మధ్యాహ్నం నీడ పట్టున ఉండాలి.

ఇక్కడ రాస్తున్నది నాలుగు రాత్రుల ప్రయాణం. హంపిలో రెండు, బాదామిలో ఒకటి, విజయపురలో ఒకటి. విజయపుర అంటే మనవాళ్లు ఇప్పటికీ బీజాపూర్ అనే ఊరే.

బయల్దేరే ముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. మార్చి దాటితే అక్కడి గ్రానైట్ గుట్టలు పొద్దున పదింటికే సెగలు కక్కుతాయి. వేసవి సెలవుల్లో తప్ప కుదరని ఇళ్లకు నా సలహా, ఈ ప్రయాణం ఆ ఏడాదికి మానుకుని క్రిస్మస్ సెలవులకో సంక్రాంతి సెలవులకో వాయిదా వేసుకోమనే. సెలవుల్లో జనం ఉంటారు, నిజమే. కానీ జనాన్ని పొద్దున్నే లేచి తప్పించుకోవచ్చు, ఎండను తప్పించుకోలేం. పుష్య పౌర్ణమికి బాదామి పక్కన బనశంకరి జాతర జరుగుతుంది, ఆ రోజుల్లో వెళ్తుంటే గది చాలా ముందుగా చూసుకోవాలి.

హంపికి దగ్గరి పెద్ద స్టేషన్ హోసపేట, పదమూడు కిలోమీటర్లు. కోస్తా వాళ్లకు విజయవాడ, గుంటూరు మీదుగా వచ్చే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి ఎక్కితే పొద్దున దిగుతారు. తిరుపతి వైపు వాళ్లకు హరిప్రియ ఎక్స్‌ప్రెస్ ఉంది. హైదరాబాద్ నుంచి చాలామంది కారులోనో రాత్రి బస్సులోనో వస్తారు. కారైతే తెల్లవారుజామున బయల్దేరి ఆ సాయంత్రమే హంపి తిరిగేద్దామని అనుకోకండి. ఆ రోజు డ్రైవింగ్ చేసినవాళ్లకు గుడి మెట్టెక్కే ఓపిక కూడా మిగలదు, చిరాకు ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

బస ఎక్కడన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం, కానీ మధ్యాహ్నాలను కాపాడేది అదే. హోసపేటలో హోటళ్లు ఎక్కువ, సౌకర్యాలూ ఎక్కువ, కాకపోతే మధ్యాహ్నం గదికి వెళ్లి మళ్లీ రావాలంటే బద్ధకం వేస్తుంది. కమలాపురలో ఉంటే రాజప్రాసాదాల ఆవరణ పక్కనే ఉన్నట్టు. కర్ణాటక టూరిజం వాళ్ల హోటల్ మయూర భువనేశ్వరి అక్కడే ఉంది. బాదామిలో మయూర చాళుక్య, విజయపురలో మయూర ఆదిల్‌షాహి కూడా వాళ్లవే. పెద్దవాళ్లుంటే మాత్రం ఎక్కడైనా ముందే ఫోన్ చేసి గ్రౌండ్ ఫ్లోర్ గది అడగండి. పగలంతా మెట్లెక్కిన మోకాళ్లకు రాత్రి మళ్లీ మెట్లు పెట్టకూడదు.

హంపిలో తిరగడానికి ఆటో చాలు. బేరం చేసేటప్పుడు "ఇన్ని చోట్లు" అని కాకుండా "పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట" అని మాట్లాడుకోండి. చోట్ల లెక్కన మాట్లాడితే డ్రైవర్ అన్నీ మధ్యాహ్నం రెండింటికల్లా చూపించేసి ఇంకో బేరానికి వెళ్లాలని చూస్తాడు, అది అతని బతుకుతెరువు. మూడో రోజు నుంచి కారు కావాలి.

ఇంట్లోనే కథ చెప్పండి

ప్రయాణానికి వారం ముందు ఒక పొడవాటి కాగితం మీద అడ్డంగా గీత గీసి, పిల్లలతోనే మూడు గుర్తులు పెట్టించండి. 6 నుంచి 8వ శతాబ్దం దాకా బాదామి చాళుక్యులు. 1336 నుంచి 1565 దాకా విజయనగరం. 1490 నుంచి 1686 దాకా బీజాపూర్ ఆదిల్‌షాహీలు. మన ప్రయాణం వరుస వేరు, కాలం వరుస వేరు కాబట్టి ఈ కాగితం లేకపోతే మూడో రోజుకు పిల్లల బుర్రలో అన్నీ కలగాపులగం అయిపోతాయి. కాగితం బ్యాగులో పెట్టుకుని వెంట తీసుకెళ్లండి.

పెద్దవాళ్లకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. హంపిలో చాలా గుళ్లలో దేవుడు లేడు, పూజ లేదు. తీర్థయాత్ర అనుకుని వచ్చిన అమ్మమ్మకు మొదటి గుడిలోనే ఖాళీ గర్భగుడి, చేతులు విరిగిన విగ్రహం కనిపిస్తే మనసు కలుక్కుమంటుంది. తర్వాత ఏం చూపించినా "ఎందుకొచ్చామురా ఇక్కడికి" అంటుంది. ఆ సంగతి ఇంటి దగ్గరే మెల్లగా చెప్పి, మొదటి సాయంత్రం విరూపాక్షుడి దగ్గర మొదలుపెట్టండి. అక్కడ పూజ ఈనాటికీ జరుగుతోంది.

మొదటి సాయంత్రం: విరూపాక్షాలయం

పొద్దున దిగారు కాబట్టి స్నానం, భోజనం, నిద్ర. ఈ పూట ఏమీ చూడొద్దు. పిల్లలు గోల చేస్తే కమలాపురలోని పురావస్తు మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ హంపి మొత్తానికి నమూనా కట్టి పెట్టారు. నది ఎటు, కొండలెటు, ఏ గుడి ఎక్కడ అన్నది పై నుంచి చూసినట్టు తెలుస్తుంది. శుక్రవారం మూసి ఉంటుంది.

నాలుగు దాటాక విరూపాక్షాలయానికి బయల్దేరండి. కమలాపుర నుంచి వచ్చే దారిలోనే ఉగ్ర నరసింహుడు, కృష్ణాలయం తగులుతాయి, ఒక్కో చోట పదిహేను నిమిషాలు ఆగండి. కృష్ణాలయం మన వాళ్లు తప్పక చూడాల్సింది. శ్రీకృష్ణదేవరాయలు నెల్లూరు సీమలోని ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి 1515లో ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, ఇక్కడి గర్భగుడి ఖాళీ. ఈ కథ తెలిశాక ఆ ఖాళీ గదిని చూసే తీరే మారిపోతుంది.

ఉగ్ర నరసింహుడి దగ్గర పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: ఎవరు విరగ్గొట్టారు? దాటెయ్యకండి, ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. 1565లో బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానుల సైన్యాలు కలిసి విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలను ఓడించాయి, ఆ తర్వాత రాజధాని దోపిడీకి గురైంది. అంతకు ముందు చాలా ఏళ్లు అదే రామరాయలు ఒక సుల్తానుతో చేతులు కలిపి ఇంకొకరి మీదికి వెళ్లేవాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ప్రాణభయంతో ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడు అని పొగిడింది ఆయన్నే. ఆశ్రయం పొందినవాడే తర్వాత ఎదుటి పక్షాన నిలబడ్డాడు. పదేళ్ల పిల్లలకు ఈ మెలిక బాగా అర్థమవుతుంది, పైగా నాలుగో రోజు బీజాపూర్ చేరేదాకా ఆసక్తి నిలబెడుతుంది.

విరూపాక్షాలయంలో దర్శనం అయ్యాక గర్భగుడి వెనక వైపు వెళ్లి, గోపురం నీడ పడే గది ఎక్కడని అడగండి. అదొక చిన్న చీకటి గది. గోడకు సన్నటి రంధ్రం, దానికి ఎదుటి గోడ మీద తూర్పు రాజగోపురం తలకిందులుగా కనిపిస్తుంది. గోపురం సుమారు యాభై మీటర్ల ఎత్తు, ఇక్కడ గోడ మీద ఇంతే. ఫోన్ లైట్లు ఆపించి అర నిమిషం ఆగితే కళ్లు చీకటికి అలవాటు పడి బొమ్మ తేటపడుతుంది. ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. రంధ్రానికి ఎదురుగా కాగితం పట్టుకుని గోడ వైపు నుంచి రంధ్రం వైపు మెల్లగా జరిపితే గోపురం బొమ్మ చిన్నదవుతూ, మెరుగవుతూ వస్తుంది. బడిలో సైన్సు పుస్తకంలో చదివిన సూది రంధ్రపు కెమెరా ఇదేనని పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. సాయంత్రపు ఎండ గోపురం లోపలి వైపు మీద పడుతుంది కాబట్టి ఈ పూటే మంచిది.

అక్కడి నుంచి పక్కనే ఉన్న హేమకూటం గుట్ట మీదికి. ఏటవాలు బండ, తొందర లేకుండా ఎక్కితే పెద్దవాళ్లకూ ఇబ్బంది ఉండదు. సూర్యాస్తమయానికి మాతంగ పర్వతం ఎక్కమని చాలామంది చెబుతారు. యువకులకైతే సరే. మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, దిగేసరికి చీకటి పడుతుంది. పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబాలకు హేమకూటమే సరైనది, అక్కడి దృశ్యం ఏమీ తీసిపోదు.

రెండో రోజు: విట్ఠలాలయం, సాయంత్రం అంతఃపురం

రాత్రే ఆన్‌లైన్‌లో టికెట్లు తీసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ ముందు నిలబడి నెట్‌వర్క్ కోసం ఫోన్ పైకెత్తే అవస్థ తప్పుతుంది. భారతీయులకు 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. విట్ఠలాలయం టికెట్టే అదే రోజు జనానా ఆవరణకూ, అంటే అంతఃపురానికీ పనికొస్తుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే రోజు పెట్టాను.

వాహనాలను దూరంగా ఆపేస్తారు, అక్కడి నుంచి సుమారు ఒక కిలోమీటరు బ్యాటరీ బండ్లలో వెళ్లాలి. పొద్దున్నే వస్తే మొదటి బండి మీదే. పదకొండు దాటాక నీడ లేని క్యూలో నిలబడాల్సి వస్తుంది, ఇంటికెళ్లాక అందరూ తిట్టుకునేది ఆ క్యూనే.

పిల్లల చేతికి ఒక కొత్త 50 రూపాయల నోటు ఇవ్వండి. వెనక వైపు ఉన్నది ఎదురుగా ఉన్న ఈ రాతి రథమే. తర్వాత రథానికి ముందున్న ఏనుగుల వెనక్కి వెళ్లి చూడమనండి. గుర్రాల వెనక కాళ్లు, తోకలు ఆనవాళ్లుగా కనిపిస్తాయి. మొదట అక్కడ గుర్రాలు ఉండేవి, ఏనుగులను తర్వాత తెచ్చి పెట్టారు. వందల మంది రథం ముందు నిలబడి ఫోటో దిగి వెళ్లిపోతారు. మీ పిల్లలు ఆ తోకలు కనిపెట్టారంటే ఇక మిగతా మూడు రోజులూ ప్రతి రాయినీ వెతుకుతారు.

సంగీత స్తంభాల విషయంలో నిరాశ ఖాయం, ముందే సర్ది చెప్పండి. ఆ సన్నని స్తంభాలను తట్టనివ్వరు, చాలా ఏళ్లుగా నిషేధం. ఎవరూ చూడకుండా ఒక్కసారి తట్టిపెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీటి మీటి అరిగిపోయినవి, పగుళ్లు ఇచ్చినవి అక్కడే కళ్లకు కనిపిస్తాయి. పిల్లలకు అదే చూపించండి, చెప్పిన దానికంటే బాగా ఎక్కుతుంది.

పదకొండున్నరకు బయటపడండి. ఇంకా చూడాల్సింది ఉందనిపించినా సరే.

సాయంత్రం నాలుగు దగ్గర జనానా ఆవరణ. లోటస్ మహల్‌ను ఊరికే చుట్టి రాకండి. కింద కమానులు చూడండి, అవి సుల్తానుల కట్టడాల తీరు. పైన శిఖరాలు మన గుళ్ల తీరు. గజశాల పదకొండు గదుల పైకప్పుల మీద గుమ్మటాలున్నాయి, అన్నీ ఒక్క ఆకారంలో ఉండవు. యుద్ధాలు చేసుకున్నవాళ్లు ఒకరి పనివాళ్ల దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారన్నది ఇక్కడ గోడల మీదే కనిపిస్తుంది. నిన్న నరసింహుడి దగ్గర మొదలైన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఆ పక్కనే హజార రామాలయం. గుడి గోడ మీద రామాయణం మూడు వరుసల్లో చెక్కి ఉంది. ఈ పూట అమ్మమ్మదే పెత్తనం. దశరథుడి యాగం ఏది, మాయలేడి ఏది, ఆంజనేయుడు ఉంగరం ఇచ్చింది ఎక్కడ అని ఆమె చూపిస్తుంటే పిల్లలు వెంట తిరుగుతారు. గైడు అక్కర్లేదు. కుటుంబంతో వెళ్లే ప్రయాణంలో ఇంతకు మించిన పూట ఉండదని నా నమ్మకం.

వెలుతురు మిగిలితే మెట్ల పుష్కరిణి దగ్గరికి నాలుగడుగులు. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాతి పలకల మీద చిన్న చిన్న గుర్తులు ఉంటాయి, ఏ దిక్కున, ఏ వరుసలో పెట్టాలో శిల్పులు వేసుకున్నవి. వేరే చోట చెక్కి తెచ్చి ఇక్కడ పేర్చారన్నమాట.

పుట్టి ఎక్కి తుంగభద్ర మీద తిరగాలని పిల్లలకు ఉంటుంది. నీళ్లు నిలకడగా ఉంటే, లైఫ్ జాకెట్ ఇస్తేనే. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో వద్దు, ఎంత ఏడ్చినా వద్దు.

గొడవ వచ్చే వేళ

ప్రతి ప్రయాణంలో ఒక గొడవ వస్తుంది, దాదాపుగా రెండో రోజో మూడో రోజో, ఆకలి వేళకు. కారణం చూస్తే చిన్నది: ఫోటో, సీటు, నీళ్ల సీసా. అసలు కారణం ఎండ, నిద్ర లేకపోవడం. ఆపడానికి కొన్ని పనులు ముందే చెయ్యొచ్చు.

తినడం గడియారం చూసి, ఆకలి చూసి కాదు. పొద్దున టిఫిన్ పూర్తిగా తిన్నాకే బయటికి. బ్యాగులో అరటిపళ్లు, వేరుశనగ చిక్కీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అందరికీ టోపీలు. పాత మేజోళ్లు కూడా పెట్టుకోండి. చెప్పులు విప్పి నడవాల్సిన గుడి ప్రాంగణంలో రాయి కాలిపోతుంటే పిల్లల్ని ఎత్తుకోవాల్సి వస్తుంది, మేజోళ్లుంటే ఆ బాధ ఉండదు. బాత్రూమ్‌లు టికెట్ ఉన్న చోట్ల ఉంటాయి, అవసరం లేకపోయినా అక్కడే వెళ్లి రావడం అలవాటు చేసుకోండి.

ఫోటోలు ఒక్కరే తీయాలి, రోజుకొకరు. మిగతా ఫోన్లు జేబులో.

అన్నిటికంటే ముఖ్యం, ఇంటిల్లిపాదీ ఎప్పుడూ కలిసే ఉండాలన్న పట్టు వదిలెయ్యండి. ఎక్కాలనుకునేవాళ్లు ఎక్కుతారు, కూర్చోవాలనుకునేవాళ్లు చెట్టు కింద కూర్చుంటారు. తాతయ్య "నేను ఇక్కడే ఉంటాను, మీరు వెళ్లి రండి" అంటే ఆ మాటను నమ్మండి. బతిమాలి ఎక్కిస్తే ఆయన సగం దారిలో ఆగి ఆయాసపడతారు, మిగతావాళ్లు టెన్షన్‌తో పైకి కిందికి తిరుగుతారు. ఎక్కడ, ఎన్నింటికి కలవాలో మాత్రం మాట్లాడుకుని విడిపోండి, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి.

గొడవ వచ్చేసిందా, ఆ పూట ప్లాన్ రద్దు చెయ్యండి. గదికెళ్లి పడుకోండి. ఒక గుడి తగ్గితే ఏమీ కాదు.

మూడో రోజు: బాదామి దారి

పొద్దున ఏడింటికల్లా కారెక్కండి. కుష్టగి, ఇల్కల్, అమీన్‌గడ్ మీదుగా వెళ్తే దారి కూడా బాగుంటుంది. ఇల్కల్లో ఒక గంట ఆగండి. అక్కడి చీరకు ఎర్ర కొంగు పడుగు (నిలువు దారాలు) విడిగా సిద్ధం చేసి, మిగతా చీర పడుగుతో పోగు పోగు ముడివేసి కలిపి నేస్తారు. మగ్గం నడుస్తుంటే చూపిస్తారా అని అడగండి. ఇంటి ఆడవాళ్లకు ఈ గంట ఇవ్వడంలో లోభం వద్దు. అమీన్‌గడ్‌లో కరదంటు కొనుక్కోండి, బెల్లం, తినే బంక, ఎండుకొబ్బరి, జీడిపప్పు వేసి చేసే మిఠాయి, పిల్లల ఆకలికి కారులో బాగా పనికొస్తుంది.

మధ్యాహ్నం భోజనం బాదామిలోని ఏదైనా ఖానావళిలో. జొన్నరొట్టె, గుత్తి వంకాయ, వేరుశనగ పొడి, పెరుగు. రాయలసీమ వాళ్లకైతే ఇంటి భోజనమే. అన్నమే కావాలనే పిల్లలకు పెరుగన్నం దొరుకుతుంది.

నిద్ర లేచాక నాలుగింటికి గుహాలయాలు. ఎర్ర ఇసుకరాతి కొండలో నాలుగు గుహలు, మెట్ల వరుసలో ఒకదాని తర్వాత ఒకటి. మొదటి గుహ గుమ్మం పక్కనే పద్దెనిమిది చేతుల నటరాజు. అది చూడటానికి ఎక్కువ మెట్లు లేవు కాబట్టి పెద్దవాళ్లను అక్కడిదాకా తీసుకెళ్లొచ్చు. పిల్లల్ని చేతులు లెక్కపెట్టి, ఏ రెండు చేతులు కలిపితే ఏ భంగిమ వస్తుందో చేసి చూపించమనండి. అసలు అందం మూడో గుహది. ఆది శేషుడి మీద కూర్చున్న విష్ణువు, స్తంభాల పైన దంపతుల శిల్పాలు, పైకప్పున వెలిసిన రంగుల జాడలు. 578 నాటి చాళుక్య మంగళేశుడి శాసనం ఇక్కడే ఉంది. మోకాళ్లు బాగున్న వాళ్లంతా అక్కడిదాకా ఎక్కాల్సిందే.

కోతులతో జాగ్రత్త. ప్లాస్టిక్ కవర్ చేతిలో కనిపించిందంటే లాక్కుంటాయి. తినేవి, నీళ్ల సీసాలు, కళ్లజోళ్లు అన్నీ జిప్ ఉన్న బ్యాగులో. కరదంటు కారులోనే వదిలెయ్యండి.

కింద అగస్త్య చెరువు గట్టున కూర్చుని ఇంట్లో గీత గీసిన ఆ కాగితం తీయండి. బాదామి రాజు రెండో పులకేశి హర్షవర్ధనుణ్ణి నర్మద దగ్గర నిలువరించినవాడు. ఆయన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు. అన్న గెలిచిన వేంగి సీమకు పాలకుడిగా వెళ్లి, అక్కడ తూర్పు చాళుక్య వంశాన్ని నిలబెట్టాడు. ఆ వంశంలోనివాడే రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడు, ఆయన అడగబట్టే నన్నయ మహాభారతం తెలుగులో మొదలుపెట్టాడు. మనం చదువుకునే ఆదికావ్యం వెనక ఉన్న రాజవంశం బయల్దేరింది ఈ చెరువు గట్టు నుంచే. తెలుగువాళ్లు బాదామి రావడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు.

నాలుగో రోజు: పట్టదకల్లు, తర్వాత విజయపుర

బాదామికి 22 కిలోమీటర్లు పట్టదకల్లు. పెద్దవాళ్లకు ఈ ప్రయాణం మొత్తంలో సుఖంగా ఉండేది ఇదే. మెట్లు లేవు, పచ్చగడ్డి మధ్య పది గుళ్లు, పక్కన మలప్రభ నది. కంచి పల్లవుల మీద రెండో విక్రమాదిత్యుడు గెలిచినందుకు గుర్తుగా రాణి లోకమహాదేవి 8వ శతాబ్దంలో కట్టించిన విరూపాక్షాలయం ఇక్కడిదే, ఇందులో పూజ కూడా ఉంది. వంపు తిరిగి పైకి సాగే ఉత్తరాది రేఖా శిఖరం, మెట్టు మెట్టుగా లేచే దక్షిణాది అంతస్తుల విమానం పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది ఏదో పిల్లలకు ఒక్కసారి చూపిస్తే తర్వాత ప్రతి గుడినీ వాళ్లే చెబుతారు.

ఐహొళె ఇంకాస్త ముందుకు ఉంది, దారిలోనే. వెళ్లాలా వద్దా అన్నది ఆ పూట ముఖాలు చూసి నిర్ణయించండి. ఉత్సాహం ఉంటే దుర్గ గుడి ఒక్కటి చూసి వచ్చెయ్యండి, దాని వెనక భాగం గుండ్రంగా తిరిగి ఉంటుంది. లేకపోతే బనశంకరి గుడికి వెళ్లండి, బాదామికి ఐదు కిలోమీటర్లే. అక్కడ బుట్టల్లో జొన్నరొట్టెలు, పచ్చడి, పెరుగు పెట్టుకుని అమ్మే అమ్మల దగ్గర తినడం పిల్లలకు గుర్తుండిపోతుంది.

మధ్యాహ్నం కారులోనే గడిచిపోతుంది, అందరూ నిద్రపోతారు. కొల్హార్ దగ్గర మాత్రం లేపండి, కృష్ణానది మీద పొడవాటి వంతెన వస్తుంది. విజయవాడ దగ్గర చూసే కృష్ణ ఇక్కడ ఇలా ఉంటుందా అని పెద్దవాళ్లు కూడా అద్దం దించుకుని చూస్తారు.

విజయపుర చేరిన సాయంత్రం ఇబ్రహీం రౌజా. జనం తక్కువ, తోట, చల్లగాలి. రెండో ఇబ్రహీం ఆదిల్ షా సమాధి, 1627 ప్రాంతం కట్టడం. సరస్వతిని కొలుస్తూ పాటలు రాసిన సుల్తాన్ ఈయన. కిటికీల్లో రాతిని జల్లెడలా తొలిచి అక్షరాలు చేశారు, లోపల నుంచి వెలుతురు వైపు చూస్తేనే వాటి పని తెలుస్తుంది.

చివరి పొద్దున: గోల్ గుంబజ్

తలుపులు ఎన్నింటికి తీస్తారో ముందు రోజు సాయంత్రమే కనుక్కుని, ఆ వేళకే గేటు దగ్గర ఉండండి. ఇది తప్పనిసరి. కారణం చెబుతాను. మహమ్మద్ ఆదిల్ షా సమాధి అయిన ఈ కట్టడం 1656 నాటిది. బయటి కొలతన 44 మీటర్ల వ్యాసమున్న గుమ్మటం, లోపల ఒక్క స్తంభం లేదు. ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే కమానులు ఆ బరువంతా మోస్తాయి. గుమ్మటం అడుగున చుట్టూ నడవా ఉంది. అక్కడ గోడ వైపు తిరిగి గుసగుసగా మాట్లాడితే ఎదుటి వైపు గోడకు చెవి పెట్టినవాళ్లకు పక్కనే నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది. చప్పట్లు కొడితే ఏడెనిమిది సార్లు తిరిగి వస్తుంది. స్కూలు బస్సులు వచ్చాయంటే మాత్రం అరుపులు, ఈలలు తప్ప ఏమీ వినపడదు, తలనొప్పితో దిగుతారు. పొద్దున మొదటి అరగంటే ఆ గోడ మాట్లాడేది.

మూలల్లో ఉన్న బురుజుల లోపలి నుంచి ఏడు అంతస్తుల మెట్లు ఎక్కాలి. ఇరుకు, నిటారు, అక్కడక్కడా చీకటి. గుండె, మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లు కిందే ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు. కింద హాలు మధ్యలో నిలబడి పైకి చూడటమే ఒక అనుభవం, ముందు భాగంలో మ్యూజియం కూడా ఉంది, శుక్రవారం తప్ప. పైకెక్కినవాళ్లు ఇద్దరిద్దరుగా విడిపోయి, ఎదురెదురుగా నిలబడి, ముందే అనుకున్న ఒక ప్రశ్న అడిగి జవాబు వినాలి. పిల్లలతో అరిపించకండి. గుసగుసకే అది అందం.

దిగాక మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి. 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసింది, బరువు సుమారు 55 టన్నులు. మూతి సింహం నోరులా తీర్చి, కోరల మధ్య ఏనుగును పెట్టారు. 1565 యుద్ధంలో దీన్ని వాడారని చెబుతారు. నరసింహుడి దగ్గర అడిగిన ప్రశ్న పిల్లలకు గుర్తుందో లేదో ఇక్కడ తెలుస్తుంది.

తిరుగు టికెట్ ఆ రోజు మధ్యాహ్నానికి పెట్టకండి, రాత్రికి పెట్టండి. విజయపుర నుంచి సోలాపూర్ వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి సికింద్రాబాద్ వైపు రైళ్లు ఎక్కువ. హోటల్ గది ఒక పూట పొడిగించుకుంటే ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ స్నానం చేసి, నడుం వాల్చి, సాయంత్రం తీరిగ్గా బయల్దేరొచ్చు. మర్నాడు బడి, ఆఫీసు పెట్టుకోకుండా ఒక రోజు సెలవు ఎక్కువ తీసుకోండి. బట్టలు ఉతకాలి, అమ్మమ్మ కాళ్లకు నూనె రాయాలి, ఫోన్లలోని ఫోటోలు ఒక చోట చేర్చాలి.